మూడో బెజ్జం

మా నాయన కుడిచేతి చివరి మూడు వేళ్ళు తెరుచుకోవు. అన్నం ముద్ద బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించుకుని తింటాడు. కొత్తవాళ్ళు చూసి పుట్టుకతో వచ్చిందనుకుంటారు. కాదు. అది కరెంటు పట్టుకున్న చెయ్యి.

1998 ఎండాకాలం. నేను నాలుగో తరగతి. నాయన అప్పుడు ఊళ్ళో ఒక ఆసామి దగ్గర జీతానికున్నాడు. పగలు అరక, గొడ్లు. రాత్రి మోటారు కొట్టం. ఆ రోజుల్లో పొలాలకి మూడు ఫేజుల కరెంటు ఎక్కువగా రాత్రిపూటే ఇచ్చేవాళ్ళు. ఒంటిగంటకొస్తదో మూడింటికొస్తదో ఎవరికీ తెలీదు. వచ్చిన గడియ మోటారు వెయ్యాలి, మడికి నీళ్ళు తిప్పాలి. అందుకని పాలేరు కొట్టంలోనే పడుకోవాలి. ఆసామి ఇంట్లో ఫ్యాను కింద పడుకునేవాడు.

ఆ కొట్టం నాకు బాగా గుర్తు. రాయీ మట్టీ పెట్టి లేపిన గోడలు, పైన నాలుగు రేకులు, గోడకి స్టార్టరు, దాని పక్కన మూతల్లేని ఫీజులు మూడు. స్టార్టరు అడుగు నుంచి ఒక ఇనప తీగ వేలాడుతుండేది. అది ఎందుకో, దాని రెండో కొస ఎక్కడికి పోవాలో నాయనకి తెలీదు, ఆసామికీ తెలీదు. నేను సద్ది తీసుకుపోతే నాయన నన్ను గుమ్మం దగ్గరే నిలబెట్టేవాడు. ఊళ్ళో అందరూ మమ్మల్ని గడప బయట నిలబెట్టేది ఒకందుకు, మా నాయన నిలబెట్టింది ఇంకొకందుకు.

ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫీజు పోతే లైన్‌మన్ రావాలి. ఆయన వచ్చేసరికి రెండో రోజో మూడో రోజో అయ్యేది, ఈలోపల మడి నెర్రెలిచ్చేది. అందుకని ప్రతి ఆసామికీ సొంత లైన్‌మన్ ఉండేవాడు. వాడు పాలేరే. "ఫీజు పోయిందంటరా, ఏసి రాపో" అనేవాళ్ళు, గొడ్లకి మేతేసి రాపో అన్నట్టు.

స్తంభం మీద ఏబీ స్విచ్చి అని ఉంటది. కింద పిడి పట్టుకుని లాగితే పైన మూడు కత్తులూ మూడు తీగల నుంచీ విడిపోవాలి. ఆ రాత్రి నాయన లాగాడు. టప్‌మని చప్పుడైంది, విడిందనుకున్నాడు. మూడింటిలో ఒకటే విడింది. తుప్పు పట్టిన మిగతా రెండూ పట్టుకునే ఉన్నయ్యి. చీకట్లో ఏం కనపడుద్ది? మడిలోంచి వచ్చాడు గనక కాళ్ళు తడి. చెప్పుల్లేవు. ఫీజు మీద చెయ్యేశాడు.

చెప్పుల సంగతి ఒకటి చెప్పాలి. మేం మాదిగలం. మా తాత ఆ ఆసామి ఇంటిల్లిపాదికీ ఏటేటా జతలు కుట్టి ఇచ్చేవాడు, కళ్ళంలో కొలిచే గింజలకి. ఆ వీధిలో మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు. నాయన నాటికి చేత్తో పట్టుకోవడం పోయింది గానీ కాళ్ళకి వేసుకోవడం అలవాటు కాలేదు. తరతరాలుగా ఊరందరి కాళ్ళకీ తోలు తొడిగిన ఇంట్లో పుట్టినవాడు ఉత్తకాళ్ళతో కరెంటు కొట్టించుకున్నాడు. ఒక జత రబ్బరు చెప్పులుంటే వేళ్ళు దక్కేవేమో అని ఇప్పుడు సైన్సు చదివాక అనిపిస్తది. చదవకముందు దేవుడి పరీక్ష అన్జెప్పి ప్రార్థన చేసుకున్నాం.

గుంటూరు ఆసుపత్రిలో నెలకి పైన ఉన్నాడు. ఆ ఖర్చు ఆసామి జీతంలో పట్టుకున్నాడు. బస్సు ఛార్జీ కూడా.

అదే కాలంలో మా ఇంట్లో ఒక్క బల్బు. 1988-89లో కేంద్రం కుటీర జ్యోతి అని పథకం పెట్టింది. హరిజన, గిరిజన కుటుంబాలతో సహా పేదలకి ఒక్క దీపం కనెక్షను. ఆ ఒక్క బల్బూ రెండు గదులకీ సరిపోవాలని మా అమ్మ నడిమి గోడకి పైన ఒక ఇటికె తీయించి ఆ సందులో హోల్డరు పెట్టించింది. అటు వంట, ఇటు నా చదువు. ఆ దీపాన్ని నేను తక్కువ చెయ్యను. దాని కిందే ఎక్కాలు నేర్చుకున్నా, దాని కిందే డిగ్రీ దాకా వచ్చా. కానీ అది కంటికి ఆనడానికి ఇచ్చిన కరెంటు. చేతికి పని ఇచ్చే కరెంటు కాదు. పని ఇచ్చే కరెంటు పొలాల్లో ఉండేది, దాని పని మాత్రం మా నాయన చేసేవాడు.

నాగార్జునసాగర్ మా మాచర్ల వైపుదే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967కి డ్యాము లేచింది. యంత్రాల కంటే మనుషుల చేతులతో లేచిన రాతి డ్యాము అది. మా అమ్మ తండ్రి అక్కడ రాళ్ళు మోశాడు. దాని కుడి కాలువ మీదున్న పవర్ హౌస్ ఒక్కటే 90 మెగావాట్లది. రాళ్ళు మోసినవాడి కూతురికి దక్కింది 60 వాట్ల బల్బు.

ఈ మధ్య ఒక సంగతి చదివి చాలాసేపు నవ్వుకున్నా, తర్వాత నవ్వు రాలేదు. 1997 దాకా ఒక ఊరి రెవెన్యూ సరిహద్దులో ఎక్కడైనా సరే, ఏ పనికైనా సరే కరెంటు వాడుతుంటే ఆ ఊరు మొత్తానికీ కరెంటు వచ్చినట్టు సర్కారు లెక్క. ఇళ్ళల్లో దీపాలుండక్కర్లేదు. పొలంలో ఒక్క మోటారు తిరిగితే చాలు. అంటే మా నాయన కాపలా పడుకున్న ఆ కొట్టాన్ని చూపించి మా గూడెంలో కూడా చీకటి పోయిందని రాసుకోవచ్చన్న మాట. 1997లో ఆ లెక్క మార్చి, జనం కాపురమున్న చోట వాడాలన్నారు. 2004లో మళ్ళీ మార్చి, ఊళ్ళోనే కాదు, దళితవాడ ఉంటే అక్కడ కూడా ట్రాన్స్‌ఫార్మరూ లైన్లూ ఉండాలి, ఊళ్ళో నూటికి పదిళ్ళకన్నా కనెక్షనుండాలి అన్నారు. స్వాతంత్ర్యం వచ్చిన 57 ఏళ్ళకి ఊరు అనే మాటలో మా వాడ ఉందని కాగితం మీద ఒప్పుకున్నారు.

అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు విద్యుత్తు వ్యవహారం కూడా ఆయన చేతి కిందే ఉండేది. కరెంటు చవగ్గా, చాలినంత దొరక్కపోతే పరిశ్రమలు రావు, పరిశ్రమలు రాకపోతే పేదరికం పోదు అన్నది ఆయన వాదన. గూడెంలో ఆయన బొమ్మ పెట్టుకున్నాం, ఆ బొమ్మకి ఏప్రిల్ 14న సీరియల్ లైట్లు కడతాం. ఆయన కరెంటు గురించి ఏం ఆలోచించాడో మాలో ఎవరికీ తెలీదు. నాకూ మొన్నటిదాకా తెలీదు.

ఇక మర సంగతి.

మా అమ్మ ముప్పై ఏళ్ళు మిరపకాయ కోతలకి పోయింది. కోతలైపోయాక గుంటూరు పోయి కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసింది. రాత్రుళ్ళు చేతులు మండిపోతే మజ్జిగ గిన్నెలో పెట్టుకుని గోడకి ఆనుకుని నిద్రపోయేది. అదే మిరపకాయ ఇంటికోసం కారం ఆడించుకోవాలంటే ఊళ్ళో మిల్లుకి పోవాలి. డబ్బా కింద పెట్టి పక్కకి జరగాలి. అందరివీ అయ్యాక, చీకటిపడే వేళకి మాది ఆడేవాళ్ళు.

2024 సంక్రాంతికి ఇంటికి పోతే మా మరదలు అడిగింది. "బావగారూ, కోసేది మనమే, ఆరబెట్టేది మనమే, తొడిమ తీసేది మనమే. ఆడిచ్చేది మాత్రం వాళ్ళెందుకు?" డ్వాక్రా అప్పు సిద్ధం చేసుకుంది. 2 హెచ్‌పీ మర చూసుకొచ్చింది. ఇంటి వెనక గొడ్డు అమ్మేశాక ఖాళీగా ఉన్న కొట్టానికి తమ్ముడు రేకులేసి గోడ లేపాడు. మిగిలింది కరెంటు.

"ఇంట్లో బోర్డు నించి వైరు లాగుదాం అన్నా. ముప్పై అడుగులు లేదు" అన్నాడు తమ్ముడు.

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్తా. ఓమ్ నియమం నిద్రలో లేపి అడిగినా చెప్తా. ప్లగ్గు విప్పి బిగించడం మాత్రం అప్పటిదాకా ఎప్పుడూ చెయ్యలేదు. మా చదువు అట్టా సాగింది. ఇప్పటి పదో తరగతి పుస్తకంలో ఇంటి కరెంటు వలయం బొమ్మ ఉంది. లైట్లకీ ఫ్యాన్లకీ 5 ఆంపియర్ల సర్క్యూటు, గీజర్లకీ కూలర్లకీ 15 ఆంపియర్ల సర్క్యూటు. ఎర్ర తీగ, నల్ల తీగ, పచ్చ తీగ. ఆ బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు వేశానో. మార్కులకి వేశా, మా ఇంటి గోడకేసి చూసి కాదు.

ఆ సాయంత్రం మొదటిసారి చూశా. మా బోర్డులో మూడు బెజ్జాల ప్లగ్గే ఉంది. పైనుండే పెద్ద బెజ్జం ఎర్తుది. పలక విప్పి చూస్తే దాని వెనక తీగే లేదు. ఉత్త బెజ్జం. గూడెంలో ఇంకో ఏడిళ్ళు చూశాం. ఒక్క దానికి తప్ప అన్నిటికీ అంతే. పెట్టినవాళ్ళు అలంకారానికి పెట్టారు.

తమ్ముడికి లెక్క చెప్పా. 60 వాట్ల బల్బు 230 వోల్టుల మీద తీసుకునేది పావు ఆంపియరు పైచిలుకు, 0.26. మర మోటారు రేకు మీద 11 ఆంపియర్లని ఉంది. ప్రవాహం 42 రెట్లు. తీగలో పుట్టే వేడి ప్రవాహాన్ని బట్టి కాదు, దాని వర్గాన్ని బట్టి పెరుగుద్ది. 42ని 42తో గుణిస్తే 1764. బల్బు కోసం వేసిన తీగలో మర తిప్పితే అదే తీగ 1764 రెట్లు వేడి పుట్టిస్తది. పైన ఎండకి కాలే రేకులు, కింద మిరపకాయ బస్తాలు. తమ్ముడు మళ్ళీ బోర్డు మాట ఎత్తలేదు.

విడిగా మీటరుకి పెట్టుకుందామని కరెంటు ఆఫీసుకి పోయా. అక్కడున్నాయన మర్యాదస్తుడే. మాస్టారినని కుర్చీ వేశాడు. కాగితాలు చూసి, "మీ పల్లెలో అంత లోడెందుకు మాస్టారూ?" అన్నాడు. చెప్పా. "మీకెట్టాగూ 200 యూనిట్లు ఫ్రీనే గదా, ఇంటి మీటరు మీద కానిచ్చెయ్యండి. ఎవరడుగుతారు?" అన్నాడు. మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. వెనక బెంచీ మీద కూర్చున్న రైతు ఒకాయన, "ఫ్రీ కరెంటు తిన్నది చాలక మిల్లులు కూడానా" అని నవ్వాడు.

ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకి ఉచిత కరెంటు నెలకి 200 యూనిట్ల దాకా పెంచింది 2019లో. పొలం మోటార్లకి ఉచిత కరెంటు వచ్చింది 2004లో. పదిహేనేళ్ళ తేడా. మోటారు కరెంటుని ఎవరూ తిన్నారనరు, వాడుకున్నారంటారు. ఈ మాట ఆయన మొహం మీద అనాల్సింది. అనలా. దరఖాస్తు మీద సంతకం పడాలి గదా అని నోరు మూసుకున్నా. ఇప్పుడు రాస్తున్నా.

వైరింగు చేసింది మా గూడెం కుర్రాడే. నరసరావుపేటలో ఐటీఐ చదివాడు, వైర్‌మన్ పర్మిట్టు ఉంది. వాడి దగ్గర నేను విద్యార్థినయ్యా. మన దేశానికి జాతీయ విద్యుత్ కోడ్ అని ఒకటుంది, 1985లో వచ్చింది, 2011లో ఒకసారి 2023లో ఒకసారి తిరగరాశారు. వైరింగుకి ఐ.ఎస్. 732, ఎర్తుకి ఐ.ఎస్. 3043, ప్లగ్గులకి ఐ.ఎస్. 1293. ఆ నంబర్లు వాడికి వచనాల్లా నోటికొచ్చు. ఐటీఐలో ఎవరూ చెప్పలేదట, సొంతంగా నేర్చుకున్నాడు.

మీటరు తర్వాత రెండు తీగల్నీ ఒకేసారి తెంచే మెయిను పెట్టాడు. "ఒకటి విడిపోయి ఒకటి పట్టుకునుండే పని లేదన్నా ఇందులో" అన్నాడు. మా నాయన కథ గూడెంలో అందరికీ తెలుసు. మెయిను తర్వాత ఆర్‌సీసీబీ, 30 మిల్లీఆంపియర్లది. తర్వాత లైటుకీ ఫ్యానుకీ ఒక ఎంసీబీ, మరకి విడిగా 16 ఆంపియర్ల ఎంసీబీ, సి రకంది. మోటారు మొదలయ్యే క్షణంలో అయిదారు రెట్లు లాగుద్ది, ఆ ఒక్క క్షణానికే పడిపోకుండా సి రకం తట్టుకుంటది. మరకి పోయే తీగ రాగిది, 4 చదరపు మిల్లీమీటర్లు, మధ్యలో ఎక్కడా అతుకు లేకుండా పైపులోంచి ఒకటే లాగుడు. రేకు అంచుకి తగలకుండా గోడ వెంటే తెచ్చాడు. కారం పొడి లోపలికి పోకుండా మూత బిగుసుకునే పెట్టె పెట్టాడు. బజార్లో ఐ.ఎస్.ఐ. గుర్తు లేని పవర్ ప్లగ్గు సగం ధరకే ఉంది. తమ్ముడు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. కుర్రాడు ఏమీ అనకుండా దాన్ని తీసి మళ్ళీ కొట్టువాడి ముందు పెట్టేశాడు.

అసలు కష్టం ఎర్తు గుంట దగ్గరొచ్చింది. రెండున్నర మీటర్ల గాల్వనైజ్డు పైపు నిలువునా దిగాలి. పల్నాడు నేల సంగతి తెలిసిందే గదా. మూడడుగులు తవ్వేసరికి నాపరాయి తగిలింది. తమ్ముడు గడ్డపలుగు పారేసి కూర్చున్నాడు. రాయి తగిలితే నిలువుకి 30 డిగ్రీలు మించకుండా ఏటవాలుగా దింపొచ్చని కోడ్‌లో ఉందన్నాడు కుర్రాడు. ఏ వైపు ఏటవాలు? రాయి పొర ఎటు వాలిందో ఎవరికి తెలుసు?

అప్పటిదాకా వేపచెట్టు కింద కూర్చుని మా వైపు చూడని నాయన లేచొచ్చాడు. మర మాట మొదలైన రోజు నుంచీ ఆయన మాట్లాడటం మానేశాడు. "వొద్దురా అబ్బాయ్, ఆ పెద్ద కరెంటు మనకి అచ్చిరాదు" అని ఒక్కటే మాట అన్నాడు అప్పట్లో. గుంటలోకి తొంగి చూశాడు. గడ్డపలుగు ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి రెండు వేళ్ళతో ఊతమిచ్చి రాతిని నాలుగు చోట్ల పొడిచి చప్పుడు విన్నాడు. "ఇటు దించండి. ఇటు రాయి చచ్చుది" అన్నాడు. రెండు రోజులు తవ్వాం. రెండు రోజులూ ఆయన గుంటలోనే ఉన్నాడు.

పైపు చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పోస్తుంటే అడిగాడు. "ఏందిరా ఇదంతా? ఆ మూడో బెజ్జం కోసమేనా?"

చెప్పా. మర ఇనప ఒంట్లోకి కరెంటు దిగితే, ముట్టుకున్న మనిషిలోంచి పోకుండా ఈ పచ్చ తీగలోంచి భూమిలోకి పోద్ది. ఆంపియరులో నూటికి మూడు వంతులు దారి తప్పినా చాలు, పైనున్న పెట్టె పసిగట్టి రెప్పపాటులో మొత్తం తెంచేస్తది. మర ప్లగ్గులో ఎర్తు పిన్ను మిగతా రెంటి కంటే పొడుగ్గా ఉండేది అందుకే, అది ముందు తగలాలి, చివర ఊడాలి.

"అంటే మనిషికి బదులు తీగ తీసుకుంటదన్న మాట."

"అంతే నాయనా."

కాసేపు బొగ్గు సర్దాడు. "ఆ కొట్టంలో ఉందా ఇది?"

స్టార్టరు కింద వేలాడే ఇనప తీగ గుర్తొచ్చింది. అదే ఎర్తు తీగ. భూమిలోకి పోవాల్సిన కొస గాలిలో ఉండేది. ఆ సంగతి చెప్పా. నిజం కూడా చెప్పా. ఆ రాత్రి నిన్ను కొట్టింది ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫీజు, అక్కడ కొట్టంలో ఎర్తు ఉన్నా నిన్ను కాపాడేది కాదు, లైను పూర్తిగా తెగకుండా నిన్ను పంపకుండా ఉంటేనే కాపాడేది అని. ఆయన తలూపాడు. ఇరవై ఆరేళ్ళలో ఆయన ఆ రాత్రి గురించి నన్ను అడిగింది అదొక్కటే.

కుర్రాడు ఎవరి దగ్గరో ఎర్త్ టెస్టరు అడిగి తెచ్చాడు. మొదట 11 ఓములు చూపించింది. అయిదు లోపు రావాలని వాడి పట్టుదల. గుంటలో నీళ్ళు పోసి మర్నాడు కొలిస్తే నాలుగున్నర. ఈ నేల ఎండితే మళ్ళీ పెరుగుద్ది, నీళ్ళు పోస్తుండాలి అని చెప్పిపోయాడు.

మర మొదలెట్టిన రోజు పాస్టరు గారు ప్రార్థన చేశాడు. ఆర్‌సీసీబీ మీద పరీక్ష బొత్తాం నొక్కితే టక్కున పడింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. స్విచ్చి నాయన్ని వెయ్యమన్నాం. వెయ్యలా. అమ్మ వేసింది. ఆమె మొదట ఆడించింది తను కోసిన మిరపకాయే, కోత కూలికి బదులు తెచ్చుకున్నది.

గూడెం అంతా వచ్చింది, మాలపల్లె నుంచి వచ్చారు. ఊళ్ళో నుంచి ఎవరన్నా వస్తారా అని మాకు అనుమానం. కారం కూరలో పడేది గదా. పదో రోజున ఒక పాలేరు కుర్రాడు డబ్బా తెచ్చాడు. అదే ఆసామి ఇంటిది. "ముందు మాది ఆడియ్యమన్నారు, మీ వాళ్ళవి పడకముందే" అన్నాడు, వాడూ మావాడే పాపం. కారంపూడి తిరునాళ్ళలో ఏటేటా చాపకూడు పెడతారు, బ్రహ్మనాయుడు అన్ని కులాల్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టిన నేల ఇది అని మైకులో చెప్తారు. మా మరదలు మిరపకాయ జల్లిస్తూ తలెత్తకుండా అంది. "వరసలో పెట్టు తమ్ముడూ. మూడోది నీది." వాడు కాసేపు నిలబడ్డాడు. పెట్టాడు. ఆ ఏడు మళ్ళీ ఆ డబ్బా రాలేదు. వేరే ఇళ్ళవి నాలుగైదు వచ్చినయ్యి, చీకటిపడ్డాక.

నాయన ఇప్పటికీ స్విచ్చి ముట్టుకోడు. కొట్టంలోకి రావాల్సొస్తే గుమ్మం దగ్గర ఆగి చెప్పులున్నయ్యో లేదో కాళ్ళకేసి చూసుకుని వస్తాడు. పొద్దున్నే లేచి ఎడమచేత్తో బకెట్టు తీసుకుపోయి ఎర్తు గుంటలో నీళ్ళు పోస్తాడు. వానాకాలంలో కూడా. మొన్న శ్రావణంలో జోరున వాన పడుతుంటే గోనెపట్టా కప్పుకుని పోతున్నాడు. వానలో ఎందుకు నాయనా అన్నా.

"నీకు తెలవదులే. ఈ నేల ఎండిపోద్ది" అన్నాడు.